రెండు పాకల బడి

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరికి ఒక బడి, బడికి రెండు పాకలు. తూర్పు పాకలో ఒంటి చదువు చెప్పేవారు. ఎముక ఎక్కడ అతుకుతుంది, నాడి ఎక్కడ కొట్టుకుంటుంది, కప్ప ఊపిరి ఎలా తీస్తుంది, పురుగుకి రెక్క ఎలా మొలుస్తుంది, ఇలాంటివి. పడమటి పాకలో ఊరి చదువు. కథలు, పాటలు, తగవులు తీర్చిన పెద్దల మాటలు, ఒకరి సొమ్ము ఇంకొకరు ముట్టుకునే ముందు ఏమని అడగాలన్న సంగతులు. రెండు పాకల మధ్య మనిషెత్తు ముళ్ళకంచె. ఎవరు వేశారో ఎవరికీ గుర్తులేదు. మేకలు రాకుండా వేసిందంటారు. మేకలు వస్తూనే ఉండేవి. పంతుళ్ళే అటూ ఇటూ వెళ్ళడం మానేశారు.

పిల్లలు పొద్దున తూర్పు పాకలో, సాయంత్రం పడమటి పాకలో కూర్చునేవారు. తూర్పు పాకలో పరీక్ష గట్టిది. తప్పితే ఏడాది పోయినట్టే. పడమటి పాకలోనూ పరీక్ష ఉండేది కాని, అందులో తప్పినవాడు ఆ ఊరి చరిత్రలో లేడు. అందుకని పొద్దున కళ్ళు విప్పార్చుకుని విన్న పిల్లలే సాయంత్రం గుంజకి ఆనుకుని కునికేవారు. పడమటి పంతులు వయసు మళ్ళిన మనిషి. కునికేవాళ్ళని లేపేవాడు కాదు. "నిద్రలో విన్నా పాట లోపలికి పోతుందిలే" అని తన పాట తాను పాడుకునేవాడు.

ఒక వానాకాలం చివర ఊళ్ళో పిల్లలకి జబ్బు పట్టుకుంది. కాళ్ళూ చేతులూ సన్నబడేవి, పొట్ట ఉబ్బేది, పొద్దు గూకేసరికి ఒళ్ళు కాలిపోయేది. ఇంటింటా మంచాలు పడ్డాయి. ఏటిగట్టు కింద కుమ్మరి ఇంట్లో మాత్రం ముగ్గురు పిల్లలూ మట్టిలో పడి ఆడుకుంటున్నారు. అదే ఏటి నీళ్ళు, అదే గాలి, అవే దోమలు.

తూర్పు పంతులు కంట్లో ఇది పడింది. "ఆ ఇంటివాళ్ళ ఒంట్లో ఏదో ఉంది. అదేమిటో తెలిస్తే ఊరు బతుకుతుంది" అన్నాడు. మంచి మనిషే. రాత్రిళ్ళు నిద్ర మాని రోగుల ఇళ్ళ చుట్టూ తిరిగినవాడు. అతనిలో కపటం లేదని ముందే చెప్పేస్తున్నాను. నీతి కథల్లో తప్పు చేసేది ఎప్పుడూ నక్కే అవుతుంది. ఈ కథలో నక్క లేదు.

ఆ మాట అన్న రెండు రోజులకే కుమ్మరామె కుండపెంకుతో వేలు కోసుకుని బడికి వచ్చింది. ఆ ఊళ్ళో గాయాలకి కట్టు కట్టేది తూర్పు పాకవాళ్ళే. పెద్ద శిష్యుడు, తెలివైనవాడు, గాయం కడిగాడు. కడిగాక కట్టు కట్టాలి. కట్టలేదు. వేలు నొక్కి పట్టి ఒక చిప్పలోకి రక్తం కారనిచ్చాడు.

"అంత ఎందుకు నాయనా?" అందామె.

"చెడు నెత్తురు పోవాలి అత్తా" అన్నాడు.

అబద్ధం అలవోకగా వచ్చింది. ఆమె తల ఊపింది. చదువుకుంటున్న పిల్లాడు గదా.

చిప్ప తీసుకెళ్ళి పంతులు ముందు పెట్టాడు. పంతులు ఎలా వచ్చిందని అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది. ఆ రాత్రీ మర్నాటి రాత్రీ పాకలో దీపం ఆరలేదు. మిగతావాళ్ళ రక్తంలో లేని ఒక చేదు ఆ రక్తంలో కనిపించింది. దాన్ని వేరు చేసి, వడగట్టి, తేనెలో రంగరించి మందు చేశారు. పడవవాడి కొడుక్కి మొదట పట్టారు. మూడో పూటకి జ్వరం దిగింది. నాలుగో రోజు వాడు లేచి గంజి అడిగాడు.

దండోరా వేయించారు. తెల్లారేసరికి బడి ముందు జనం బారు తీరారు, చంకల్లో బిడ్డలతో. ఆ బారులో కుమ్మరామె కూడా ఉంది, పొరుగింటి బిడ్డని ఎత్తుకుని. ఆ బిడ్డ తల్లి లేవలేని స్థితిలో ఉంది. ఎవరో ముసలాయన ఊరికే అడిగాడు, "ఇంత గొప్ప మందు ఎక్కడ దొరికింది బాబూ?" అని. పాకలో అందరికన్నా చిన్న శిష్యుడు ఛాతీ విరుచుకుని, "కుమ్మరత్త నెత్తుట్లోంచి తీశాం" అన్నాడు.

బారు ఆగిపోయింది. కుమ్మరామె తన వేలు చూసుకుంది.

"నా నెత్తురా? ఎప్పుడు?"

ఎవరూ పలకలేదు. ఆమె కేకలు వేయలేదు, తిట్టలేదు. బిడ్డని భుజం మార్చుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇద్దరు. మధ్యాహ్నానికి బడి ముందు ఎవరూ లేరు.

ఊళ్ళో మాటలు పుట్టాయి. ఈవేళ చెప్పకుండా నెత్తురు తీసినవాళ్ళు రేపు కళ్ళు తీయరని ఏముంది? ఆ వారంలోనే పడవవాడి కొడుకు ఏట్లో మునిగిపోయాడు. వరద నీరు, కాలు జారింది. మందుకీ ఏటికీ ఏ సంబంధమూ లేదు. తూర్పు పంతులు ఇల్లిల్లూ తిరిగి ఆ మాటే చెప్పాడు. అతను చెప్పిందంతా నిజం. ఎవరూ తలుపు తీయలేదు. "మొన్న చెడు నెత్తురన్నారు, ఇవాళ వరద అంటున్నారు" అన్నారు లోపలి నుంచి.

పంతులు తిరిగొచ్చి పాకలో కూలబడ్డాడు. "మూర్ఖులు. మందు అటక మీద ఉంది, పిల్లలు మంచాల మీద ఉన్నారు. ఇక నేనేం చెయ్యను?"

కంచె అవతల నుంచి పడమటి పంతులు గొంతు వినిపించింది.

"నాయనా, ఆమెకి చెప్పారా?"

"ఏమని?"

"ఆమె ఒంట్లో ఏం దొరికిందో."

తూర్పు పంతులు ఆలోచించాడు. ఊరందరికీ చెప్పాడు. పొరుగూరి పెద్దలకి కూడా కబురు పంపాడు. ఆమెకి మాత్రం చెప్పలేదు.

పెద్ద శిష్యుణ్ణి పంపించారు. అతను వెళ్ళి కుమ్మరి వాకిట్లో నిలబడ్డాడు. సారె తిరుగుతోంది. చెప్పడం మొదలుపెట్టాడు. తూర్పు పాకలో నేర్చిన మాటలన్నీ వరసగా దొర్లాయి, ద్రవ్యమనీ ధాతువనీ దోషమనీ. ఆమె కాసేపు విని సారె ఆపింది.

"నాయనా, నా ఒంటి సంగతి నాకే అర్థంకాని మాటల్లో చెబుతున్నావు. నువ్వు నేర్చుకున్నావా, బట్టీ పట్టావా?"

అతనికి చెమటలు పట్టాయి. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అవే మాటలు వచ్చాయి. వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

ఆ సాయంత్రం పడమటి పాకలో అతను కునకలేదు. "ఒక మనిషికి ఇంకో మనిషి ఒక సంగతి ఎలా చెప్పాలి?" అని అడిగాడు. పెద్దాయన నవ్వాడు. "ముందు తప్పు ఒప్పుకో. తర్వాత సంగతి చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకుని విను. కష్టమైంది ఆఖరిదే."

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నిలబడలేదు, నేల మీద కూర్చున్నాడు.

"అత్తా, ఆ రోజు చెడు నెత్తురని అబద్ధమాడాను. కావాలనే తీశాను. అడిగితే ఇవ్వవేమోనని అడగలేదు."

ఆమె మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అడిగితే ఇచ్చేదాన్నేమో. ఇవ్వకపోదునేమో. ఆ సంగతి ఇక నీకూ తెలీదు, నాకూ తెలీదు. నా దగ్గర నువ్వు ఎత్తుకుపోయింది అదీ. నెత్తురుదేముంది, మళ్ళీ ఊరుతుంది."

అతను బదులు చెప్పలేకపోయాడు. తర్వాత నెత్తుట్లో చేదు కనబడిందని మెల్లిగా చెప్పాడు, మామూలు మాటల్లో. "చేదా?" అని ఆమె లేచి లోపలికి వెళ్ళి గుప్పెడు ఆకు తెచ్చింది. "గట్టు మీద మొలుస్తుంది. వానలు తగ్గుముఖం పట్టాక మా అమ్మ రోజూ పప్పులో వేసేది, నేనూ వేస్తాను. తిరగలి పాటలో కూడా ఉంది గదా. మీ పెద్దాయన పాడతాడు, నువ్వు వినలేదూ?"

విన్నాడు. గుంజకి ఆనుకుని, సగం నిద్రలో, ఏళ్ళ తరబడి విన్నాడు. పాటలో వచ్చే ఆకూ గట్టు మీద మొలిచే ఆకూ ఒకటేనని ఎన్నడూ తట్టలేదు. ఎందుకంటే పాట సాయంత్రపు చదువు, ఆకు పొద్దుటి చదువు.

ఒక్క మనిషి రక్తంలోంచి ఎంతమందికి మందు వస్తుంది? గట్టు నిండా ఆకు ఉంది. ఆకు ఎంత ముదరాలో కుమ్మరామె చూపించింది, కుండలు ఇచ్చింది, తనే ఎసరు పెట్టింది. కట్టెలు చాలకపోతే రెండు పాకల మధ్య కంచె కొట్టి పొయ్యిలో పెట్టారు.

ఊళ్ళో చాలామంది ఆ కషాయం తాగారు. మూడిళ్ళవాళ్ళు తాగలేదు. పంతుళ్ళు చెప్పినా, కుమ్మరామె స్వయంగా వెళ్ళి చెప్పినా తాగలేదు. అందులో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. పెద్ద శిష్యుడు తర్వాత్తర్వాత పేరుమోసిన వైద్యుడయ్యాడు. ఆ ఇంటి వైపు పని పడితే మాత్రం చుట్టుదారిన పోయేవాడట.

నీతి

ప్రాణి గురించి చదవడమూ ఆ ప్రాణిని అడగడమూ ఒకే పాఠం. ఒకటి నేర్పి, రెండోదాన్ని ఇంకో గంటకీ ఇంకో పంతులుకీ వదిలేస్తే, నేర్పిన మొదటిది కూడా అవసరం వచ్చిన రోజున అక్కరకు రాదు.

రెండు పాకలు కథలోనే ఉన్నాయనుకోకండి. మన ఇంటర్ మొదటి సంవత్సరంలో నైతికత, మానవ విలువల పేరిట ఒక పరీక్ష ఉంటుంది. పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు. పిల్లలు ఒక పూట వెళ్ళి రాసి వస్తారు. జువాలజీ వేరు. అందులో మలేరియా పరాన్నజీవి జీవిత చరిత్ర పెద్ద మార్కుల ప్రశ్న. దోమ ఒంట్లో జరిగే భాగానికి రాస్ చక్రమని పేరు. బొమ్మతో సహా గీయగల పిల్లలు మన ఊళ్ళలో వేలమంది ఉన్నారు. ఆ చక్రానికి తొలి ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది.

ఆ దోమ ఎవరి రక్తం తాగింది? హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా చొప్పున రాస్ అతనికి డబ్బిచ్చాడు. పాఠ్యపుస్తకంలో దోమ జాతి ఉంది, దొర పేరు ఉంది, అణా లేదు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. చెప్పి, ఆ తర్వాత పిల్లల్ని అడగవచ్చు. అణా ఎక్కువా తక్కువా? డబ్బిచ్చినంత మాత్రాన అడిగినట్టేనా? మంచాన పడిన మనిషి, యూనిఫాంలో ఉన్న తెల్ల దొరకి కాదని చెప్పగలడా? మరి ఆ దోమలు కుట్టకపోతే కోట్లమందికి మేలు చేసిన సంగతి తెలిసేదా? వీటికి గైడులో జవాబులు ఉండవు. ఉండకూడదు కూడా. రాస్ కవి, నవలలు రాసినవాడు. ఆ కనుగోలు ఆనందంలో పద్యం కూడా చెప్పాడు. ఆ పద్యంలో దేవుడున్నాడు, మృత్యువు ఉంది. హుసేన్ ఖాన్ లేడు. కాబట్టి సాహిత్యం వచ్చినంత మాత్రాన మనిషి కంటికి ఆనతాడని కూడా అనుకోనక్కరలేదు. రెండు పాకలూ ఒకే బుర్రలో ఉన్నా మధ్యలో కంచె ఉండవచ్చు.

ఇంకో కథ బాల్టిమోర్‌లో మొదలై మన ఖమ్మం దాకా వస్తుంది. ఈ నీతి రాయడానికి అసలు కారణం అదే.

1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. పొగాకు పొలాల్లో పెరిగిన మనిషి, ఐదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. వైద్యం చేస్తూ ఆమె కణితి నుంచి కాస్త ముక్క తీసి ప్రయోగశాలకి పంపారు. ఆమెని అడగలేదు. అప్పట్లో అడిగే పద్ధతే లేదు. ఆమె ఆ ఏడాది అక్టోబరులో 31 ఏళ్ళకే చనిపోయింది. ఆ కణాలు చావలేదు. శరీరం బయట ఆగకుండా పెరుగుతూ పోయిన తొలి మానవ కణాలు అవే. హీలా కణాలంటారు. పోలియో టీకాని పరీక్షించడానికి అవి పనికొచ్చాయి. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ వెళ్ళాయి, వాటితో వ్యాపారాలు నడిచాయి. తమ తల్లి కణాలు బతికే ఉన్నాయని పిల్లలకి తెలియడానికి 20 ఏళ్ళు పైగా పట్టింది. 2013లో ఆ కణాల జన్యుపటాన్ని కూడా వాళ్ళని అడగకుండానే ప్రచురించారు. గొడవయ్యాక అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఆ కుటుంబంతో ఒప్పందం చేసుకున్నాయి. ఒక పెద్ద కంపెనీ మీద వాళ్ళు వేసిన దావా 2023లో రాజీ అయింది.

ఇప్పుడు మలుపు. 1980లలో జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌసెన్ ఈ క్యాన్సర్‌కి మూలం హెచ్‌పీవీ అనే వైరస్ అని పట్టుకున్నాడు. ఆ వైరస్‌లో 18వ రకం హీలా కణాల్లోనూ ఉందని తేలింది. హెన్రియెటాని చంపింది అదే. 2006కి టీకా వచ్చింది, 2008లో హౌసెన్‌కి నోబెల్ వచ్చింది. మన దేశంలో ఈ క్యాన్సర్ ఏటా ఎంతమందిని పట్టుకుంటుందో తెలుసా? 2020 గ్లోబోకాన్ అంచనాలో కొత్త కేసులు దాదాపు 1.24 లక్షలు, మరణాలు 77 వేలు. టీకా కావలసిన దేశం ఏదైనా ఉందంటే అది మనదే.

టీకా వచ్చింది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పది నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి వేయించాయి. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. తల్లిదండ్రులు ఎక్కడో గూడేల్లో ఉన్నారు. సమ్మతి ఫారాల మీద సంతకం ఎవరు చేయాలి? తర్వాత పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలు. ఆ తర్వాత ఐదుగురు పిల్లలు చనిపోయారు. విచారణలో ఆ మరణాలకీ టీకాకీ సంబంధం లేదని తేలింది. పాము కాటు, నీట మునగడం లాంటి కారణాలు. అయినా ఎవరు నమ్ముతారు? 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. దేశవ్యాప్త ప్రభుత్వ టీకాల జాబితా వైపు హెచ్‌పీవీ మళ్ళీ అడుగు వేయడానికి ఏళ్ళు పట్టింది.

అడగకుండా తీసుకున్న ఒక స్త్రీ కణాల్లో దొరికిన వైరస్‌ని ఆపే టీకాని, తల్లులని సరిగ్గా అడగకుండా ఇంకో ఖండంలో ఆడపిల్లలకి వేశారు. టీకా మంచిది. వేసినవాళ్ళలో ఎక్కువమంది ఉద్దేశం కూడా మంచిదే అయి ఉంటుంది. కథలో నక్క లేదని అందుకే అన్నాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడాలి. ఆ 2,763 ఫారాల మీద సంతకాలు చేసినవాళ్ళు డాక్టర్లు కారు. వార్డెన్లు. వాళ్ళు కూడా పదో తరగతి దాకా జీవశాస్త్రం చదివినవాళ్ళే. రోగనిరోధక శక్తి గురించి రెండు పేరాలు రాయగలిగినవాళ్ళే. ఒక పిల్ల ఒంట్లోకి సూది వెళ్ళేముందు ఎవరి మాట అడగాలన్నది ఆ పాఠంలో భాగమని వాళ్ళకి ఏ పంతులూ చెప్పలేదు. వైద్య విద్యలో ఈ లోటుని గుర్తించారు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నీతి, సంభాషణ, రోగి పట్ల నడవడిక మొదటి ఏడాది నుంచే పాఠాలుగా ఉన్నాయి. మంచిదే. కానీ డాక్టరయ్యేది వందలో ఎందరు? తల్లి అయ్యేవాళ్ళు, వార్డెన్ అయ్యేవాళ్ళు, ప్రధానోపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, సర్పంచులు, వీళ్ళందరికీ జీవశాస్త్రం పదో తరగతితోనో ఇంటర్‌తోనో ముగుస్తుంది. నేర్పితే అక్కడే నేర్పాలి.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. నీట్‌లో 720 మార్కులకి 360 జీవశాస్త్రానివే, అక్కడ హుసేన్ ఖాన్ గురించి ఎవరూ అడగరు. నిజమే. నేను అడుగుతున్నది కొత్త పాఠం కాదు, ఉన్న పాఠం మధ్యలో ఇంకో ప్రశ్న. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పాఠం తీసుకోండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. పన్నెట్ గళ్ళు గీసి ఈ లెక్క చెప్పడానికి పది నిమిషాలు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమంలో గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు పిల్లవాడిదీ ఉంటుంది, పిల్లదీ ఉంటుంది. పెళ్ళి చూపుల్లో ఎవరి కార్డు ముందు అడుగుతారు? వాహకురాలైన అమ్మాయికి జబ్బు లేదు కదా, మరి ఎందుకు దాచుకోవాల్సి వస్తుంది? ఈ ప్రశ్నలు వేస్తే నాలుగో వంతు లెక్క కూడా గట్టిగా గుర్తుంటుంది. లెక్కలో మనుషులున్నారు గదా.

కప్పల సంగతి కూడా ఒక మాట. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో జంతువుల్ని కోయడం ఆపించింది. ఆ నిర్ణయం నాకు నచ్చింది. కానీ చాలా చోట్ల కప్ప పోయి చార్టు వచ్చింది, అంతే. ఎందుకు ఆపారు, ఒక ప్రాణిని చంపి నేర్చుకోవడం ఎప్పుడు తగును ఎప్పుడు తగదు అన్న చర్చ మాత్రం రాలేదు. ఒక గంట చర్చకి బంగారం లాంటి అవకాశం చార్టు వెనక్కి పోయింది.

ఇంకొకటి, ఈ పని ఉపన్యాసాలతో జరగదు. పంతులు నీతులు చెప్పడం మొదలుపెడితే పిల్లలు గుంజ వెతుక్కుంటారు. అందుకే పక్క గదిలో తెలుగు మాస్టారు, సోషల్ మాస్టారు ఉన్నారు కదా, మలేరియా పాఠం రోజున వాళ్ళని ఒక పావుగంట పిలవండి. 1897లో సికింద్రాబాద్ ఎవరి పాలనలో ఎలా ఉండేదో ఒకరు చెబుతారు. రోగి వైపు నుంచి ఆ రోజుని ఒక పేజీ రాయమని ఇంకొకరు పిల్లలకి పని ఇస్తారు. ఒక పిల్ల హుసేన్ ఖాన్ గొంతుతో ఒక పేజీ రాస్తే దోమ ఒంట్లో పరాన్నజీవి దశలు ఆమె ఇక మరచిపోదు.

2024 ఫిబ్రవరి తాత్కాలిక బడ్జెట్‌లో, తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాని ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. మన దేశంలోనే తయారైన టీకా కూడా ఇప్పుడు ఉంది. భద్రాచలం చుట్టుపక్కల బళ్ళలో జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకీ టీచరమ్మలకీ, ఇంకా ఎక్కడెక్కడి బళ్ళలో చెప్పేవాళ్ళకైనా, ఒక విన్నపం. టీకా మీ బడికి వచ్చే రోజు ఫారాలు పంచే పని మీ నెత్తినే పడుతుంది. పంచే ముందు తల్లుల్ని పిలవండి. కోయ మాట్లాడే ఊళ్ళో కోయ వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వైరస్ అంటే ఏమిటో, టీకా ఏం చేస్తుందో, ఏం చేయదో చెప్పండి. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పండి. ఫారం వాళ్ళ చేతికిచ్చి ఆ రాత్రికి ఇంటికి పంపండి. సంతకం చేసే చోటు తల్లికోసం ఖాళీగా ఉంచండి.